చెప్పులో దొరికిన వజ్రము
(ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ గారి జీవితము)

ధ్యాన భాగములు: యెహోషువ 7:19–26, లూకా 12:13–21



ఈ నెల మీ యెదుట ఒక కొత్త మాటను ఉంచుచున్నాము. ఆ మాట ఓనియోమేనియా. నోరు తిరుగని మాటయే గాని, దాని భావము మన సంతలో ప్రతి వారము కనబడునదే. అవసరము ఉన్నను లేకున్నను, చేత డబ్బు ఉన్నను లేకున్నను, ఏదో ఒకటి కొనక నిలువలేని మనస్సునకు వైద్యులు పెట్టిన పేరు అది. జర్మనీ దేశపు మానసిక వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్, స్విట్జర్లాండు వైద్యుడు యూజెన్ బ్లాయిలర్ అనువారు ఇరువదవ శతాబ్దపు మొదటి భాగములో తమ గ్రంథములలో దీనిని గూర్చి వ్రాసిరి. ఇది ప్రత్యేకమైన రోగమా కాదా అను విషయములో నేటి వైద్యులకు ఇంకను ఏకాభిప్రాయము లేదు. అయితే దాని చేత పట్టబడి అప్పులపాలైన కుటుంబములు ఉన్నవనుటలో ఎవరికిని సందేహము లేదు.

ఆ మాట గ్రీకు భాష నుండి పుట్టినది. మొదటి భాగమునకు అమ్మకమునకు పెట్టబడినది అని అర్థము. రెండవ భాగమునకు వెర్రి అని అర్థము. క్రొత్త నిబంధన ఆ గ్రీకు భాషలోనే వ్రాయబడెను గదా. వెర్రి అను ఆ మాట క్రొత్త నిబంధనలో ఒక్కసారే వచ్చును. అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయములో అధిపతియైన ఫేస్తు, పౌలునకు విద్య ఎక్కువై మతి చలించినదని తలంచినప్పుడు దానిని వాడెను. మొదటి భాగమునకు చుట్టమైన కొనుట అను క్రియయు ఒక్కసారే వచ్చును. అదియు అదే గ్రంథము 7వ అధ్యాయములో, అబ్రాహాము కొనిన ఒక స్థలమును గూర్చి స్తెఫను చెప్పిన చోటనే. ఆ స్థలము ఏది? సమాధి. దేశమంతయు వాగ్దానముగా పొందిన మనుష్యుడు వెల ఇచ్చి కొనినట్టు అక్కడ చెప్పబడినది పాతిపెట్టుటకు కావలసినంత నేలయే. ఈ సంగతిని జ్ఞాపకము పెట్టుకొని ముందుకు చదువుడి.

మరి ఈ వెర్రి ఎవరికి పట్టును? చేత డబ్బు లేనందున ఆశ పుట్టుచున్నదనియు, కడుపునిండ ఉన్నవానికి ఆశ ఉండదనియు మనలో అనేకులు తలంచుదురు. అది నిజమా కాదా అని చూచుటకు ఒక ధనవంతుని జీవితమును తీసికొందము. మన మర్రిపాడునుండి పడమర చూచినయెడల వెలికొండలు కనబడును. ఆ కొండల కవతలి కడప సీమ ఒకప్పుడు హైదరాబాదు నిజాము ప్రభువుల చేతిలో ఉండెను. 1800 సంవత్సరములో వారు దానిని ఇంగ్లీషు కంపెనీవారికి ఇచ్చివేసిరి. ఆ నిజాముల వంశములో ఆరవవాడు మహబూబ్ అలీ ఖాన్ గారు.

ఆయన 1866 ఆగస్టులో హైదరాబాదులో పుట్టెను. 1869 ఫిబ్రవరిలో ఆయన తండ్రి అఫ్జలుద్దౌలా గారు చనిపోయిరి. అప్పటికి బిడ్డకు మూడేండ్లు నిండలేదు. మన ఊళ్లలో ఆ వయస్సు బిడ్డ తల్లి కొంగు వదలడు. ఆ బిడ్డను గద్దెమీద కూర్చుండబెట్టిరి. ముసలి మంత్రులు ఆయన యెదుట వంగి సలాములు చేసిరి. రాజ్య భారమును సాలార్ జంగు గారును ఇంకొక పెద్ద జాగీర్దారును వహించిరి. చదువు చెప్పుటకు క్లార్కు అను ఇంగ్లీషు కాప్టెనును నియమించిరి. 1883లో సాలార్ జంగు గారును చనిపోయిరి. మరుసటి సంవత్సరము, 1884 ఫిబ్రవరి 5వ తేదీన, రిప్పన్ ప్రభువు హైదరాబాదుకు వచ్చి పదునెనిమిదేండ్లయినను నిండని ఆ యువకునికి సర్వాధికారములు ఇచ్చెను.

తండ్రి ఎవరో ఎరుగడు. వద్దు అని చెప్పగల మనుష్యుడు ఇంటిలో లేడు. అడిగినది వెంటనే వచ్చును, అడుగనిదియు వచ్చును. బిడ్డలను పెంచువారు ఈ సంగతిని ఆలోచింపవలెను. బీదరికములో బిడ్డకు లేనిది కనబడును. అట్టి కలిమిలో బిడ్డకు లేనిది ఎవరికిని కనబడదు. వద్దు అను మాట కూడ ప్రేమలోనిదే. ఆ మాటను చెప్పువారు ఆయనకు కరవైరి.

ఆయనను దుర్మార్గుడని తలంచకుడి. ప్రజలు ఆయనను మిక్కిలి ప్రేమించిరి. మహబూబ్ అను ఆయన పేరునకే ప్రియమైనవాడని అర్థము. పాము కరచిన వారికి ఆయన పేరు చెప్పినయెడల విషము దిగునని జనులు నమ్మిరి. అర్ధరాత్రియైనను అట్టివారి కొరకు తన్ను లేపవచ్చునని ఆయన ఆజ్ఞ ఇచ్చెనని చెప్పుదురు. (పాము కరచిన యెడల మనము తడవు చేయక ఆసుపత్రికే పోవలెను. ఆ నమ్మకమును ఇక్కడ వ్రాసినది, ప్రజలకు ఆయనయందు ఎంత ప్రీతియో తెలుపుటకే.) 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి సుమారు 15 వేలమందిని పొట్టన పెట్టుకొన్నప్పుడు, ఆయన తన భవనముల తలుపులు దిక్కులేని వారికి తెరిపించెను. విక్టోరియా రాణి జ్ఞాపకార్థము సరూర్‌నగర్‌లోని తన భవనమును అనాథ పిల్లల ఆశ్రమమునకు ఇచ్చెను. తండ్రి లేక పెరిగినవాడు తండ్రి లేని వారిని మరువలేదు.

ఇట్టి దయగల మనుష్యుని ఒక్క ఆశ జయించెను. అది కొనుట.

హైదరాబాదులో పురానీ హవేలీ అను పాత భవనము ఉన్నది. అందులో ఆయన బట్టల బీరువాలను నేటికిని చూడవచ్చును. బీరువా అనగా మన ఇంటి మూలనుండు పెట్టె వంటిది కాదు. ఒక పొడుగాటి హాలు, ఇరువైపుల బర్మా టేకుతో చేసిన బీరువాల వరుసలు, ఒకదానిపై ఒకటి రెండు అంతస్తులు. దాని పొడుగు 176 అడుగులని చెప్పుదురు. పై అంతస్తునకు ఎక్కుటకు చేతితో త్రిప్పు కొయ్య లిఫ్టు కూడ ఉన్నది. ఆయన ఒకసారి తొడిగిన బట్టను మరల తొడుగలేదని ఆ నగరమువారు చెప్పుకొందురు. ఆ మాట అక్షరాల నిజమైనను కాకున్నను, ఆ బీరువాలు మాత్రము నిలిచియున్నవి. ఒక్క దేహమునకు ఇన్ని తలుపులు కావలసివచ్చెను.

ఆ బట్టలను చూచుకొనుటకు ఆల్బర్టు ఆబిద్ అను ఆర్మేనియా దేశస్థుడు ఉండెను. ఆయన నిజామునకు మిక్కిలి దగ్గరి సేవకుడు. కొంతకాలమునకు ఆ సేవకుడు నగరములో ఒక పెద్ద అంగడి పెట్టెను. ఆ అంగడి పేరనే ఆ ప్రాంతమునకు ఆబిడ్స్ అను పేరు వచ్చెను. మనలో హైదరాబాదు వెళ్లిన వారు ఆ వీధులలో నడచియుందురు. ప్రభువు గారి బీరువాలు చూచుకొనినవాడే అంగడి యజమానుడైన సంగతి, అమ్మువారికి ఆ దర్బారులో ఎంత చోటు దొరికెనో తెలుపుచున్నది.

ఇప్పుడు వజ్రము కథ. 1891లో సిమ్లా నగరమునుండి అలెగ్జాండర్ మాల్కం జేకబ్ అను రత్నముల వర్తకుడు వచ్చెను. దక్షిణాఫ్రికా గనిలో దొరికి, ఆమ్‌స్టర్‌డాం నగరములో సానపట్టబడిన ఒక మహా వజ్రము అమ్మకమునకు ఉన్నదని తెలిపెను. దాని తూకము సుమారు 184 కారట్లు, అనగా దాదాపు 37 గ్రాములు. నిజాము గారు గోలకొండ వజ్రములకు లోకమంతట పేరుగన్న దేశమునకు ప్రభువు. ఆయన ఖజానాలో రత్నములకు లెక్కలేదు. అయినను ఆయనకు ఆ రాయి కావలసివచ్చెను. 46 లక్షల రూపాయలకు బేరము కుదిరెను. అందులో సగము, 23 లక్షలు, వజ్రమును కంట చూడక మునుపే బయానాగా కట్టిరి.

ఆ మొత్తము ఎంతటిదో మనకు అర్థమగునట్లు చెప్పుచున్నాము. దానికి పదునాలుగేండ్ల ముందు ధాతు కరవు వచ్చెను. మన నెల్లూరు జిల్లాయు దాని పాలబడెను. 1877 మొదట కరవు పనులలో రాళ్లు కొట్టిన మగవానికి మదరాసు ప్రభుత్వము వారు ఇచ్చిన దినకూలి ఒక పౌను ధాన్యము, ఒక అణా. అనగా, ధాన్యము మాట అటుంచి అణాలే లెక్కించినయెడల, ఆ బయానా సొమ్ము 3 కోట్ల 68 లక్షల దినములకూలికి సరిపోవును.

తరువాత ఏమాయెను? వజ్రము హైదరాబాదు చేరెను. నిజాము గారు దానిని చేతిలోనికి తీసికొని చూచిరి. చూచి, నచ్చలేదని చెప్పిరి. ఇంత సొమ్ము ఒక రాతిమీద పెట్టుట ఇంగ్లీషు రెసిడెంటు దొరకు సమ్మతము కాలేదనియు, ఆయన మనస్సు మారుటకు అదియు ఒక కారణమనియు చెప్పుదురు. ఏది ఎట్లున్నను, సగము వెల చెల్లించిన వస్తువు చేతికి వచ్చిన దినముననే కోరిక చల్లారిపోయెను. ప్రియులారా, ఈ వెర్రి యొక్క లక్షణము ఇదే. ఆకలిగొన్నవాడు అన్నము తినినయెడల ఆకలి తీరును. కొను వెర్రిగలవాడు కోరునది వస్తువును కాదు, కొనుటనే. కాబట్టి వస్తువు ఇల్లు చేరగానే దాని పని అయిపోవును. మనస్సు మరల వీధిలోనికి బయలుదేరును.

నిజాము గారు తన సొమ్ము తిరిగి ఇమ్మనిరి. వర్తకుడు ఇయ్యలేకపోయెను. అందుమీద కలకత్తా హైకోర్టులో మోసపు నేరము క్రింద వ్యాజ్యము నడిచెను. కమిషనువారు హైదరాబాదుకే వచ్చి నిజాము గారి వాంగ్మూలము తీసికొనిరి. ఎవరికిని జవాబు చెప్పనక్కరలేని ప్రభువు, తాను కొనగోరిన ఒక రాతిని గూర్చి పరాయివారి ప్రశ్నలకు జవాబు చెప్పవలసివచ్చెను. తుదకు జ్యూరీవారు జేకబును నిర్దోషియని విడిచిపెట్టిరి. తరువాత రాజీ కుదిరి, నచ్చని వజ్రము నిజాము గారికే మిగిలెను. జేకబునకును మేలు కలుగలేదు. వ్యాజ్యపు ఖర్చులతోను పోయిన పేరుతోను ఆయన వ్యాపారము కూలిపోయెను. 1921లో ఆయన బొంబాయిలో బీదవాడై చనిపోయెను. కొనినవానికి సంతోషము లేదు, అమ్మినవానికి లాభము లేదు.

1911 ఆగస్టు 29వ తేదీన మహబూబ్ అలీ ఖాన్ గారు ఫలక్‌నుమా భవనములో కన్నుమూసిరి. అప్పటికి ఆయనకు నలువదియైదేండ్లు. ఆయన దేహమును మక్కా మసీదు ఆవరణములో, తన పూర్వికుల సమాధులయొద్ద, పాతిపెట్టిరి. అబ్రాహామునకు చాలినంత నేలయే ఆయనకును చాలెను.

కొంతకాలమునకు ఆయన కుమారుడు ఉస్మాన్ అలీ ఖాన్ గారికి, తండ్రిగారి పాత చెప్పు ముందరి భాగములో ఆ వజ్రము దొరికెనని చెప్పుదురు. అంత డబ్బు పోసి, కోర్టు మెట్లెక్కించి తెచ్చిన రాయి అక్కడ మూలన పడియుండెను. కుమారుడు దానిని కాగితములు ఎగిరిపోకుండ పైన పెట్టు బరువుగా వాడెనని ప్రసిద్ధి. ఈ కుమారుడు తండ్రికి పూర్తిగా వేరు. 1937లో అమెరికా దేశపు టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖపత్రముమీద వేసి లోకములో అందరికంటె ధనవంతుడని వ్రాసెను. అయినను ఆయన పాత టోపీ, నలిగిన బట్టలు విడువని పిసినారియని పేరుపొందెను. తండ్రి కొనక ఉండలేదు, కుమారుడు ఖర్చుపెట్టక కూడబెట్టెను. రెండు దారులును ధనము చుట్టే తిరిగినవి. కాబట్టి కొనకుండుట ఒక్కటే విడుదల కాదని ఎరుగుదుము. 1995లో భారత ప్రభుత్వమువారు నిజాము నగలను 218 కోట్ల రూపాయలకు కొనిరి. ఆ రాయియు వాటితోకూడ ప్రభుత్వ భద్రములో ఉన్నది. ఇప్పుడది ఎవరి చెప్పులోను లేదు, ఎవరి వేలికిని లేదు.

ఈ కథ చదువునప్పుడు మాకు ఆకాను జ్ఞాపకమునకు వచ్చుచున్నాడు. యెరికో దోపుడు సొమ్ములో అతని కన్ను ఒక మంచి పైవస్త్రముమీదను, వెండిమీదను, బంగారు కమ్మీమీదను పడెను. చూచెను, ఆశించెను, తీసికొనెను. తరువాత ఏమి చేసెను? ఆ వస్త్రమును ఒక దినమైనను కట్టుకొనలేదు. డేరా మధ్య గొయ్యి త్రవ్వి దాచెను. నిజాము గారు దొంగ కాదు. తన సొమ్ముతోనే కొనిరి. ఆ భేదమును మరువరాదు. అయినను వస్త్రము బీరువాలో, వజ్రము చెప్పులో, బంగారము డేరా క్రింద. ఆశించి తెచ్చినది చీకటిలోనే పడియుండెను. ఆకాను చేసిన దానికి అతని ఇంటివారందరును అనుభవించిరి. ఇంటి యజమానుని ఆశకు వెల కట్టువారు తరచుగా భార్యయు బిడ్డలునే.

ఇక మన సంగతి. మేము మీకు బోధించుటకు ముందు మా తప్పును ఒప్పుకొందుము. మొన్న ఒక దినము మందు తెచ్చుటకు ఆత్మకూరు వెళ్లితిమి. ఇంట రెండు టార్చిలైట్లు ఉండగా మూడవది కొని తెచ్చితిమి. దారిలో బస్సులో దానిని త్రిప్పి త్రిప్పి చూచి సంతోషించితిమి. ఇల్లు చేరి గూటిలో పెట్టిన తరువాత దాని మాట మరచితిమి. మందు మాత్రము సగమే తెచ్చితిమి, డబ్బు చాలలేదని. నిజాము గారి వజ్రమునకును మా టార్చిలైటునకును వెలలోనే భేదము.

మన సంఘములలో దీనికంటె బరువైన సంగతులు జరుగుచున్నవి. మెట్ట పొలము వాన లేక ఎండుచున్నది, అయినను వాయిదాల మీద కొత్త బండి ఇంటిముందు నిలుచుచున్నది. ఫోను తెరమీద వ్రేలు పెట్టగానే సరకు గుమ్మము చేరుచున్నది. పెట్టె విప్పిన సంతోషము సాయంత్రము వరకు ఉండును, వాయిదా మాత్రము నెలనెల ఉండును. తాలి గొలుసు బ్యాంకులో ఉన్నదని భర్తకు చెప్పలేక ఏడ్చు తల్లులును, పొదుపు సంఘపు అప్పు ఎక్కడ పోయెనో భార్యకు చెప్పలేని తండ్రులును ఉన్నారు. వీరందరు రోగులని మేము చెప్పుట లేదు. నిజాము గారికి ఆ రోగమున్నదని ఏ వైద్యుడును వ్రాసినట్టును మేము చెప్పము. లోకము చేయుచున్నట్టు చేయుట కొందరి బలహీనత. ఆపుకొనలేకపోవుట కొందరి కష్టము. మొదటివారికి హెచ్చరిక కావలెను. రెండవవారికి కనికరము కావలెను. అట్టివారిని సంఘములో ఎగతాళి చేయకుడి. ఎగతాళికి భయపడి వారు అప్పును దాచుదురు. దాచిన అప్పు డేరా క్రింది బంగారము వంటిది.

కాబట్టి ఈ నెల ప్రతి కుటుంబము నాలుగు పనులు చేయవలెనని కోరుచున్నాము. మొదటిది, తిండికిని మందుకును గాక మరి దేనికైనను ఆశ పుట్టినయెడల ఒక రాత్రి గడువనియ్యుడి. ఉదయమునకు ఆ ఆశ ఉన్నదో లేదో చూడుడి. రెండవది, భర్త భార్యకు, భార్య భర్తకు చెప్పక అప్పుమీద ఏదియు కొనకుడి. మూడవది, ఒక చిన్న పుస్తకములో ఈ నెల కొన్నవన్నియు వ్రాసి, నెలాఖరున కుటుంబ ప్రార్థన తరువాత చదివి, వాటిలో ఎన్ని వాడుచున్నారో లెక్కించుడి. నాలుగవది, ఎవరికైనను ఇది తమ చేతిని దాటిపోయినదని తోచినయెడల, సిగ్గుపడక ఒక పెద్దకు గాని మాకు గాని చెప్పి, వైద్యుని యొద్దకును వెళ్లుడి. జ్వరమునకు వైద్యుని యొద్దకు వెళ్లుట అవిశ్వాసము కాదు. ఇదియు అట్టిదే.

లూకా సువార్తలోని ధనవంతుడు తన కొట్లను విప్పి పెద్ద కొట్లు కట్టదలంచెను. అతడు కూడబెట్టినవి ఎవరివగునని దేవుడు ఆ రాత్రియే అతని నడిగెను. పురానీ హవేలీ బీరువాలు అదే ప్రశ్నను అడుగుచున్నవి. మన గూటిలోని మూడవ టార్చిలైటును అదే అడుగుచున్నది. యెషయా ప్రవక్త 55వ అధ్యాయములో, రూకలు లేనివారిని పిలిచి, వెల లేకయే ఇచ్చు ఒక యజమానుని గూర్చి వ్రాసెను. ఆయన యొద్ద పుచ్చుకొనినవారికి వాయిదా లేదు, ఆకలియు తీరును.

ప్రార్థన: ప్రభువా, మా కన్నులను కాయుము. మాకు నేడు కావలసినది దయచేయుము. ఉన్నదానితో తృప్తిపొంది, లేనివారికి పంచు మనస్సును మాకిమ్ము. అప్పు భారముతో నిద్రలేని వారికి ధైర్యమును మంచి ఆలోచనయు అనుగ్రహింపుము. ఆమేన్.